టికెట్ మీద 6 గంటలు, ప్రయాణం 19 గంటలు: ఏది నిజం?

పోయిన సంచికలో ఒకరు సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అని అడిగితే, 15,349 కిలోమీటర్లు, నాన్‌స్టాప్ అయితే సుమారు 18 గంటల 40 నిమిషాలు అని ఒక్క లైన్‌లో రాసి ముందుకు వెళ్లిపోయాను. తప్పు చెప్పలేదు గానీ, ఆ జవాబు సరిపోలేదని మీ ఉత్తరాలు చూశాక అర్థమైంది. దూరం అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచింది, టైమ్ అంటే ఎవరి గడియారంలో, ఏ క్షణం నుంచి లెక్క పెట్టింది, ఇవి చెప్పకుండా అంకెలు మాత్రం ఇస్తే ఎవరికైనా తికమకే. అందుకే ఈ వారం మొత్తం ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి జనవరిలో ఒంటరిగా సింగపూర్ నుంచి న్యూయార్క్ వెళ్తోంది. టికెట్ మీద రాత్రి 11.35కి బయలుదేరి మర్నాడు తెల్లవారుజామున 5.30కి దిగుతుందని ఉంది. లెక్కేస్తే ఆరు గంటలు కూడా లేదు. మీరేమో 19 గంటలకి దగ్గరగా రాశారు. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది, ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమేనమ్మా, కంగారు పడకండి. టికెట్ మీద ఏ టైమ్ ఉన్నా అది ఆ ఊరి గడియారం చూపించే టైమే. 11.35 సింగపూర్ గడియారం, 5.30 న్యూయార్క్ గడియారం. రెండు వేరే వేరే గడియారాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు. ముందు రెండిటినీ ఒకే గడియారంలోకి తెచ్చుకోవాలి. జనవరిలో సింగపూర్ న్యూయార్క్ కంటే 13 గంటలు ముందుంటుంది. అంటే మీ అమ్మాయి న్యూయార్క్‌లో తెల్లవారి 5.30కి దిగేటప్పటికి సింగపూర్‌లో అదే రోజు సాయంత్రం 6.30 అవుతుంది. ఇప్పుడు లెక్కేయండి, రాత్రి 11.35 నుంచి మర్నాడు సాయంత్రం 6.30 దాకా 18 గంటల 55 నిమిషాలు. అదీ అసలు ప్రయాణం.

ఇంకో సంగతి. మార్చి రెండో ఆదివారం నాడు న్యూయార్క్‌లో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు, మళ్లీ నవంబర్ మొదటి ఆదివారం నాడు వెనక్కి తెస్తారు. సింగపూర్‌లో ఆ పద్ధతి లేదు. కాబట్టి ఎండాకాలంలో తేడా 12 గంటలే. అదే విమానం, అంతే సేపు ఎగిరినా దిగే టైమ్ 5.30కి బదులు 6.30 అని కనిపిస్తుంది. అమ్మాయి తిరుగు ప్రయాణం ఏప్రిల్‌లో ఉంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆ 18.55 మొత్తం గాల్లో ఉండే టైమ్ కూడా కాదు. విమానం గేటు దగ్గర నుంచి కదిలిన నిమిషం నుంచి అవతలి ఊళ్లో గేటు దగ్గర ఆగే నిమిషం దాకా లెక్క, దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నడిపించడం, అక్కడ లైన్‌లో నిలబడటం, దిగాక మళ్లీ గేటు దాకా రావడం అన్నీ ఇందులోనే. పైగా ఎప్పుడూ ఉండే రద్దీకని ఎయిర్‌లైన్లు కొంత టైమ్ కలిపే వేస్తాయి, అందుకే ఒక్కోసారి చెప్పిన దానికంటే అరగంట ముందే దిగిపోతుంటాయి. ఇక తల్లిగా మీకు కావలసింది ఫోన్ ఎప్పుడొస్తుందనేది కదా. 5.30కి గేటు దగ్గర ఆగినా, అంతమంది దిగాలి, ఇమిగ్రేషన్ లైన్ ఉంటుంది, పెట్టె రావాలి. దిగగానే ఒక మెసేజ్ పెట్టమని ముందే చెప్పి ఉంచండి, పెట్టె చేతికొచ్చాక తీరిగ్గా మాట్లాడవచ్చు. న్యూయార్క్ గడియారంలో ఉదయం 7 దాకా ఫోన్ రాకపోయినా అది మామూలే.

ప్రశ్న: మ్యాప్ మీద స్కేలు పెట్టి రెండు ఊళ్లకీ గీత గీస్తే ఒక దారి వస్తుంది. విమానం సీటు ముందున్న స్క్రీన్ మీద చూస్తే విల్లులాగా వంగి ఉత్తరానికి ఎక్కి దిగుతుంది. దగ్గరి దారి వదిలేసి చుట్టూ ఎందుకు తిరుగుతారు?

జవాబు: చుట్టూ తిరిగేది విమానం కాదు, మీ స్కేలు గీత. గుండ్రటి భూమిని చదునుగా కాగితం మీద పరిచినప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. మనం ఎక్కువగా చూసే మెర్కేటర్ మ్యాప్ (1569 నాటిది, ఓడ నడిపేవాళ్ల కోసం గీసింది) ధ్రువాల వైపు విపరీతంగా సాగుతుంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది.

దీన్ని మాటలతో చెబితే సగమే ఎక్కుతుంది, కాబట్టి ఒక కాగితం తీసుకుని నాతో పాటు లెక్క చేయండి. ఫిన్లాండ్‌లో హెల్సింకి, అలాస్కాలో యాంకరేజ్. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, ఒకటి 60.2 డిగ్రీలు, ఇంకోటి 61.2. మ్యాప్ మీద స్కేలు పెడితే తిన్నగా అడ్డంగా గీత వస్తుంది. ఆ గీత మీదే వెళ్తే ఎంత? రెండు ఊళ్ల మధ్య రేఖాంశాల తేడా సుమారు 175 డిగ్రీలు. భూమధ్యరేఖ మీద డిగ్రీకి 111 కిలోమీటర్లు ఉంటుంది గానీ, అంత ఉత్తరాన చుట్టుకొలత చిక్కిపోయి డిగ్రీకి 54 కిలోమీటర్ల పైచిలుకే. గుణిస్తే సుమారు 9,500 కిలోమీటర్లు.

ఇప్పుడు ఇంకో దారి. 175 డిగ్రీల తేడా అంటే భూగోళానికి దాదాపు అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి అన్నమాట. కాబట్టి ఉత్తర ధ్రువం మీదుగా పోదాం. హెల్సింకి నుంచి ధ్రువానికి 90 లోంచి 60.2 తీసేస్తే 29.8 డిగ్రీలు. ధ్రువం నుంచి యాంకరేజ్‌కి 28.8. కలిపితే 58.6, డిగ్రీకి 111 చొప్పున వేస్తే సుమారు 6,500 కిలోమీటర్లు. మ్యాప్‌లో తిన్నగా కనిపించిన దారి కంటే 3,000 కిలోమీటర్లు తక్కువ! ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఆ రెండు ఊళ్ల మీద దారం పెట్టి బిగుతుగా లాగండి, దారం తనంతట తనే పైకి జారి ధ్రువం పక్కకి చేరుతుంది. ఆ బిగిసిన దారమే గ్రేట్ సర్కిల్. గోళం మీద రెండు చోట్ల మధ్య అంతకంటే దగ్గరి దారి లేదు.

ఇదే లెక్క పోయినసారి నేను చెప్పిన అంకెకి కూడా పనికొస్తుంది. సింగపూర్ విమానాశ్రయం 1.36 డిగ్రీల ఉత్తరం, న్యూయార్క్‌లో జేఎఫ్‌కే 40.64. ఈ రెండూ కూడా రేఖాంశాల్లో దాదాపు 178 డిగ్రీలు ఎడం. ధ్రువం దాకా 88.64, అక్కడి నుంచి 49.36, కలిపితే సరిగ్గా 138 డిగ్రీలు. డిగ్రీకి 111.2 వేసుకుంటే 15,345 వస్తుంది, పుస్తకాల్లో ఉండే 15,349కి నాలుగే కిలోమీటర్లు తేడా. కాలిక్యులేటర్‌లో రెండు తీసివేతలు, ఒక గుణకారం, అంతే. రెండు ఊళ్లూ ఇలా ఎదురెదురుగా ఉంటేనే ఇంత సులువుగా తేలుతుందనుకోండి, మిగతా వాటికి సైన్‌లు కొసైన్‌లు కావాలి.

అయితే అసలు విమానం తరచుగా ఆ ధ్రువం దారిలో వెళ్లదు. పసిఫిక్ మీదుగా, దూరం ఎక్కువైనా సరే, అటు నుంచి వెళ్తుంది. ఎందుకో తర్వాతి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: లండన్ నుంచి న్యూయార్క్ వెళ్లేటప్పుడు దాదాపు 8 గంటలు పట్టింది, వచ్చేటప్పుడు ఏడు గంటలు కూడా పట్టలేదు. ఒకే దారి, ఒకే రకం విమానం. పైలట్ వేగంగా నడిపాడా?

జవాబు: పైలట్ ఒకేలా నడిపాడు, గాలి తోసింది. విమానాలు ఎగిరే ఎత్తులో, అంటే 10, 12 కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి ఒక నదిలాగా గాలి ప్రవాహం పోతుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకి 100, 200 కిలోమీటర్లు మామూలే, చలికాలంలో బలంగా ఉన్నప్పుడు 300 కూడా దాటుతుంది. న్యూయార్క్ నుంచి లండన్ వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల పుణ్యమా అని ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. నేల మీది లెక్కలో దాని వేగం ఒక దశలో గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది. ధ్వని వేగం దాటేసిందా అని అప్పట్లో చాలామంది అడిగారు. లేదు. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ఎప్పటి వేగంలోనే ఉంది, ఆ గాలే కదులుతోంది.

చాలామంది ఇక్కడ ఒక మాట అంటారు, పోయేటప్పుడు పోగొట్టుకున్న టైమ్ వచ్చేటప్పుడు తిరిగొస్తుంది కదా, లెక్క సరిపోయింది అని. సరిపోదండీ. చూడండి. లండన్ న్యూయార్క్ 5,540 కిలోమీటర్లు. విమానం వేగం 900 అనుకుందాం, టేకాఫ్ ల్యాండింగ్ సంగతి పక్కన పెడదాం. గాలే లేకపోతే ఒక్కో వైపు 6 గంటల 9 నిమిషాలు, రానూపోనూ 12 గంటల 19 నిమిషాలు. ఇప్పుడు 200 కిలోమీటర్ల గాలి పెట్టండి. వెనకగాలితో వేగం 1,100, టైమ్ 5 గంటల 2 నిమిషాలు. ఎదురుగాలితో వేగం 700, టైమ్ 7 గంటల 55 నిమిషాలు. కలిపితే 12 గంటల 57 నిమిషాలు, అంటే దాదాపు 40 నిమిషాలు నష్టం. ఎదురుగాలిలో గడిపే గంటలు ఎక్కువ, వెనకగాలిలో గడిపేవి తక్కువ, అందుకే గాలి ఎప్పుడూ తీసుకున్నంత తిరిగివ్వదు.

కాబట్టి దారి ఎంచుకునేవాళ్లు కిలోమీటర్లు చూడరు, నిమిషాలూ ఇంధనమూ చూస్తారు. సింగపూర్ నుంచి బయలుదేరిన విమానం పసిఫిక్ మీదికి తిరిగి జెట్ స్ట్రీమ్ ఎక్కిందంటే, వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా ముందే చేరవచ్చు. ఇవాళ ఒక దారి, రేపు ఇంకో దారి, ఆ రోజు గాలిని బట్టి బయలుదేరే ముందు తేలుస్తారు.

ఈ గాలిని మొదట కొలిచినవాళ్లలో జపాన్ శాస్త్రవేత్త వాసాబురో ఓయిషి ఒకరు. 1920లలో బెలూన్లు వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి రాసిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో 1926లో తన నివేదికను ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. ఆ భాష వచ్చినవాళ్లు ఎంతమంది? దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికా బాంబర్లు, ఇంత గాలి ఎక్కడిది అని తెల్లబోయాకే విషయం అందరికీ తెలిసింది. అందరికీ అందాలని చేసిన పని ఎవరికీ అందకపోవడం చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. అలాంటప్పుడు పడమరకి వెళ్లే విమానానికి ఊరే ఎదురొచ్చి తొందరగా చేరాలి. కానీ తూర్పుకి వెళ్లేదే తొందరగా ఎందుకు చేరుతుంది?

జవాబు: బాబూ, మంచి ప్రశ్న అడిగావు. భూమి ఒక్కటే తిరగట్లేదు, దాన్ని అంటిపెట్టుకున్న గాలి కూడా దాంతోపాటే తిరుగుతోంది, రన్‌వే మీద ఆగి ఉన్న విమానం కూడా. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది. గాలి అలాగే నిలబడిపోతే మనం బయట అడుగు పెట్టగానే 1,670 కిలోమీటర్ల గాలి ముఖాన కొట్టేది.

కానీ నీ అనుమానంలో ఒక నిజం దాగి ఉంది. నేల వేగం అన్నిచోట్లా ఒకటి కాదు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగమే, 835. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ధ్రువాల వైపు కదిలినప్పుడు తన పాత వేగాన్ని వెంట తీసుకుపోతుంది. కింద నేల నెమ్మదిస్తుంది, పైన గాలి నెమ్మదించదు. దాంతో నేల మీద నుంచి చూస్తే ఆ గాలి తూర్పుకి దూసుకుపోతున్నట్టు ఉంటుంది. ధ్రువాలకీ భూమధ్యరేఖకీ మధ్య వేడి తేడా దానికి ఇంకా బలం ఇస్తుంది. అదే జెట్ స్ట్రీమ్. అంటే భూమి తిరగడం వల్ల టైమ్ మారుతుంది అన్నది నిజమే, కానీ నువ్వు అనుకున్న దానికి ఎదురు దిశలో మారుతుంది.

ప్రశ్న: ఒకే జత ఊళ్లకి ఒక సైట్‌లో ఒక దూరం, ఇంకో సైట్‌లో ఇంకో దూరం చూపిస్తోంది. 40, 50 కిలోమీటర్లు తేడా వస్తోంది.

జవాబు: ఒకరు ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తారు, ఒకరు విమానాశ్రయం నుంచి. పెద్ద నగరాల్లో ఆ రెండిటికీ మధ్యే 50, 60 కిలోమీటర్లు ఉంటుంది, టోక్యోకి నరిటా అలాంటిదే. ఇంకొందరు భూమిని పక్కా గోళం అనుకుని లెక్కేస్తారు, నిజానికి అది ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది, అక్కడ కూడా కొద్ది తేడా. మైళ్లు చూసినప్పుడు జాగ్రత్త, మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, విమానాలవాళ్లు వాడే నాటికల్ మైలు 1.852. ఇలాంటి సైట్లలో కనిపించేది మామూలుగా గ్రేట్ సర్కిల్ దూరమే, విమానం నిజంగా తిరిగిన దూరం కాదు.

ప్రశ్న: హెల్సింకి నుంచి టోక్యోకి ఒకప్పుడు తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లాను. ఈమధ్య 13 గంటలు అంటున్నారు. ఊళ్లు దూరం జరగవు కదా!

జవాబు: ఊళ్లు జరగలేదు, దారి మూసుకుపోయింది. ఆ రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి రష్యా మీదుగా పోతుంది. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపా దేశాల విమానాలకి రష్యా ఆకాశం మూసేసింది. దాంతో ఫిన్‌ఎయిర్ విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణం వైపు చుట్టూ తిరిగో వెళ్లాల్సి వచ్చింది. ధ్రువం మీదుగా వెళ్లినవాళ్లకి ఆ సంస్థ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. ఇది కొత్త కూడా కాదు. సోవియట్ కాలంలోనూ ఆ ఆకాశం మూసే ఉండేది. 1957లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నుంచి టోక్యోకి యాంకరేజ్‌లో ఆగి, ధ్రువం దారిన విమానాలు నడిపింది. పైన లెక్కలో మనం చూసిన యాంకరేజ్ అదే. ఒక తరం పాటు ఐరోపా నుంచి జపాన్ వెళ్లేవాళ్లు ఆ ఊరి విమానాశ్రయంలో దిగి ఎక్కేవాళ్లు.

రాజకీయం ఒక్కటే కాదు, నేల కూడా దారి మళ్లిస్తుంది. టిబెట్ పీఠభూమి సగటున 4,500 మీటర్ల ఎత్తు. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పైలట్ వెంటనే 3,000 మీటర్లకి దించాలి, ఎందుకంటే పైనుంచి జారిపడే మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా ఓ పావుగంటకే వస్తుంది. కింద 4,500 మీటర్ల నేల ఉంటే ఎక్కడికి దించుతారు? అందుకే ఎక్కువ ఆక్సిజన్ మోసుకెళ్లే విమానాలు తప్ప మిగతావి ఆ ప్రాంతాన్ని తప్పించుకుని తిరిగి వెళ్తాయి.

ప్రశ్న: ఆక్లాండ్‌లో రాత్రి 7.30కి ఎక్కితే లాస్ ఏంజిలస్‌లో అదే తారీఖు ఉదయం 10.30కి దిగుతామట. బయలుదేరక ముందే చేరడం ఏమిటి?

జవాబు: మధ్యలో అంతర్జాతీయ దిన రేఖ, అంటే పసిఫిక్‌లో తారీఖు మారే ఊహా గీత, దాటుతారు. జనవరిలో ఆక్లాండ్ లాస్ ఏంజిలస్ కంటే 21 గంటలు ముందుంటుంది. 12 గంటలు ఎగిరి దిగేసరికి ఆక్లాండ్‌లో మర్నాడు ఉదయం 7.30. అందులోంచి 21 తీసేస్తే మీరు బయలుదేరిన తారీఖు ఉదయం 10.30. జూన్‌లో అయితే ఈ తేడా 19 గంటలే, ఎందుకంటే ఆక్లాండ్‌లో గంట వెనక్కి తిప్పితే లాస్ ఏంజిలస్‌లో గంట ముందుకి తిప్పుతారు. ఇలా వెళ్లినప్పుడు దొరికిన రోజు తిరిగి వచ్చేటప్పుడు పోతుంది. 9వ తారీఖు రాత్రి లాస్ ఏంజిలస్‌లో ఎక్కితే 11 ఉదయం ఆక్లాండ్‌లో దిగుతారు, మీ జీవితంలో ఆ 10వ తారీఖు ఉండదు. హోటల్ బుక్ చేసేటప్పుడు చాలామంది తారీఖు పొరపాటు పడేది ఇక్కడే. రోజూ టైమ్ ప్రకారం మందులు వేసుకునేవాళ్లు తారీఖులు చూడకుండా, ఎన్ని గంటలకి ఒకటి అన్నది ముందే డాక్టర్‌ని అడిగి రాసిపెట్టుకోండి.

ఈ రేఖ కూడా కదులుతుంది. సమోవా దేశం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారం కోసం 2011 డిసెంబర్ 30ని మొత్తంగా వదిలేసి 29 తర్వాత 31లోకి దూకింది. ఇప్పుడు దాని రాజధాని అపియా నుంచి పక్కనే ఉన్న అమెరికన్ సమోవాకి ముప్పావు గంట కూడా పట్టదు, కానీ దిగేసరికి నిన్నటి రోజులో ఉంటారు.

ప్రశ్న: నాన్‌స్టాప్ 14 గంటలు, ఒక స్టాప్‌తో 17 గంటలు, రెండో దాంట్లో కనెక్షన్‌కి గంటా అయిదు నిమిషాలు ఉంది. మూడు గంటలే కదా తేడా, తీసుకోవచ్చా?

జవాబు: గంటా అయిదు నిమిషాలంటే నా మనసు ఒప్పదు. నాకు ఒకసారి అచ్చంగా అంతే టైమ్ ఉంది. మొదటి విమానం 20 నిమిషాలు లేటు, అంతకంటే ఎక్కువేం కాదు. గేటు దొరకక దూరంగా ఆపి బస్సులో ఎక్కించారు, బస్సు నిండేదాకా కదల్లేదు. మళ్లీ సెక్యూరిటీ చెక్, మళ్లీ బూట్లు విప్పడం. పరుగెత్తి గేటు దగ్గరికి వెళ్లేసరికి తలుపు వేసేశారు. అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది, కింద పెట్టెలు ఎక్కిస్తున్నారు, కానీ తలుపు తీయరు. తర్వాతి విమానం తొమ్మిది గంటల తర్వాత. టికెట్ మీద ఉండేది విమానం కదిలే టైమ్, గేటు దానికి 15, 20 నిమిషాల ముందే మూసేస్తారు, కాబట్టి మీ 65 నిమిషాలు మొదటి నుంచే 45.

ఇందులో నన్ను కాపాడింది ఒక్కటే, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయి. అలా ఉంటే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. చౌకగా వస్తుందని విడివిడిగా రెండు టికెట్లు కొంటే మాత్రం, మొదటిది లేటైనా రెండోవాళ్ల దృష్టిలో మీరు రాని ప్యాసింజర్ అంతే, డబ్బు పోయినట్టే. పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే రెండున్నర గంటలకి తక్కువ కనెక్షన్ పెట్టుకోవద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: ఎక్కువ దూరం వెళ్తే ఎక్కువ జెట్ లాగ్ ఉంటుందా?

జవాబు: దూరానికి సంబంధం లేదు, దాటిన టైమ్ జోన్లకే సంబంధం. జోహన్నెస్‌బర్గ్ నుంచి లండన్ సుమారు 9,000 కిలోమీటర్లు, 11 గంటలు, కానీ గడియారంలో తేడా ఒకటో రెండో గంటలు. అలసట ఉంటుంది, రాత్రికి నిద్ర మాత్రం పడుతుంది. అదే లండన్ నుంచి న్యూయార్క్ దూరం అంతకంటే చాలా తక్కువ, తేడా 5 గంటలు. తూర్పుకి వెళ్లినప్పుడు ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే మన ఒంట్లో గడియారం 24 గంటల కంటే కొంచెం ఎక్కువ, దాన్ని పొడిగించడం తేలిక, కుదించడం కష్టం.

ప్రశ్న: ప్రపంచంలో ఏ రెండు ఊళ్ల మధ్యైనా నాన్‌స్టాప్ వెళ్లే రోజు వస్తుందా?

జవాబు: భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి రెండు చోట్ల మధ్య దూరం 20,000 దాటదు. సింగపూర్ నుంచి ఈక్వడార్ రాజధాని కీటోకి సుమారు 19,700, దాదాపు భూమికి అవతలి వైపే. అంత దూరం ప్రయాణికులతో ఆగకుండా వెళ్లే సర్వీసు లేదు. అడ్డం ఇంధనం బరువు. ఎక్కువ దూరానికి ఎక్కువ ఇంధనం, ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం. సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్‌కి వాడే ఎయిర్‌బస్ ఏ350 విమానం ప్రత్యేక రకంలో 1,65,000 లీటర్లు పడుతుంది. అదే సంస్థ దూర ప్రయాణాల మామూలు ఏ350లో 253 సీట్లు ఉంటే, ఇందులో 161 మాత్రమే, మామూలు ఎకానమీ క్లాసే లేదు. అందుకే అంత ధర.

అయినా ఆగకుండా వెళ్లగలిగే దూరం పెరుగుతూ వస్తోంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 నుంచి, ఆస్ట్రేలియాలోని పెర్త్‌కీ శ్రీలంకకీ మధ్య కాటలీనా అనే నీటి విమానాలు నడిచాయి. సుమారు 5,600 కిలోమీటర్లకి 27 నుంచి 33 గంటలు పట్టేది. ముగ్గురే ప్రయాణికులు, బరువు తగ్గించడానికి దాదాపు అన్నీ పీకేశారు, శత్రువులకి దొరక్కుండా రేడియో కూడా మూగగా ఉంచేవాళ్లు. ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూస్తారు కాబట్టి 'డబుల్ సన్‌రైజ్' అనేవాళ్లు. అదే పెర్త్ నుంచి 2018 మార్చిలో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటస్ లండన్‌కి, అంటే సుమారు 14,500 కిలోమీటర్లు, 17 గంటల్లో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది. 2019 అక్టోబర్‌లో పరీక్ష కోసం 49 మందితో న్యూయార్క్ నుంచి సిడ్నీకి 19 గంటల 16 నిమిషాలు ఎగిరి చూశారు, దారంతా పైలట్ల మెదడు పనితీరూ, ప్రయాణికుల నిద్రా కొలుస్తూ. సిడ్నీ నుంచి లండన్‌కి సుమారు 17,000 కిలోమీటర్లు, దాని కోసం 2022లో 12 కొత్త విమానాలు ఆర్డర్ ఇచ్చారు, వాటిలో 20,000 లీటర్లు పట్టే అదనపు ట్యాంకు ఉంటుంది. ఆ ప్రాజెక్టుకి వాళ్లు పెట్టుకున్న పేరు ఆ పాత కాటలీనాల నుంచి తీసుకున్నదే, 'సన్‌రైజ్'.